ఆధునిక చిత్రకళాచరిత్రకారుని విద్యాప్రస్థానము

ప్రాచీనశిల్పమును గూర్చి పరిశోధించువానిని చరిత్రకారుఁడని పిలుచుటకు మన పండితు లెవ్వరును సందేహింపరు. శాసనమును జదివి, శిల్పమును గొలిచి, కాలమును నిర్ణయించువాని పని చరిత్రమని యందఱకును దెలియును. కాని మన తాతలనాఁటి చిత్రకారులను గూర్చి, నూఱేండ్లలోపల వ్రాయఁబడిన చిత్తరువులను గూర్చి విచారించువానిని రసికుఁడనియో విమర్శకుఁడనియో చెప్పుదుమే కాని, చరిత్రకారుఁడనుటకు నోరాడదు. ఈ సంకోచమునకుఁ గారణమేమి? ఆధునికచిత్రకళకుఁ జరిత్రశాస్త్రము కలదా? ఆ శాస్త్రమును జీవితవృత్తిగాఁ గైకొన్నవాఁడు ఏమి చదివి, యే పీఠమున నుండి, యేమి చేయును? ఆంధ్రదేశమున నట్టివారికిఁ జోటు దొరకెనా? ఈ నాలుగు ప్రశ్నములను వరుసగా విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

దృష్టాంతమునకై దూరము పోనక్కఱలేదు. కృష్ణామండలపు మెట్టసీమయందు జగ్గయ్యపేటకు సమీపమున ధనంబోడను గుట్ట కలదు. ఈ సీమ 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలోఁ జేరినది. ఆ గుట్టమీఁది బౌద్ధస్తూపమును 1882లో జేమ్స్ బర్జెస్ త్రవ్వించి పరిశీలించి, 1887లో అమరావతీ జగ్గయ్యపేట స్తూపములను గూర్చి గ్రంథమును బ్రకటించెను. అందు దొరకిన చక్రవర్తిఫలకము మదరాసు మ్యూజియమును జేరి, మాంధాతశిల్పమను పేర లోకప్రసిద్ధమైనది. అచ్చటి స్తంభములమీఁద ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని యిరువదియవ రాజ్యసంవత్సరమున వ్రాయించిన ప్రాకృతశాసనము కలదు. నాగచంద్రుని కుమారుఁడైన సిద్ధార్థుఁడను 'ఆవేసని' మహాచైత్యపు తూర్పుద్వారమున నైదు ఆయకస్తంభముల నెత్తించినట్లు ఆ శాసనము చెప్పుచున్నది. ఆవేసని యనఁగా శిల్పికారుఁడు. దాత రాజు గాఁడు, మంత్రి గాఁడు, చేతిపనివాఁడు. సుమారు పదునేడువందల యేండ్లు గడచినను వాని పేరు, వాని తండ్రి పేరు, వాని నివాసము మన కెఱుకపడుచున్నవి.

ఇప్పు డాసీమనే మఱియొక ప్రశ్న వేయుదము. మైలవరపు రాజావారి పోషణమున బాలభారతీనాటకసమాజము ఇరువదవ శతాబ్దారంభమున వెలసి, దేశమంతయుఁ బేరెన్నికఁ గన్నది. అందలి నటుల పేళ్లు, హార్మోనియము వాయించినవారి పేళ్లు సయితము నాటకచరిత్రలయందుఁ గలవు. కాని యా కాలపు నాటకసమాజములకు ఉద్యానవనపుఁ దెరలు, రాజసభల తెరలు వ్రాసిన చిత్రకారుల పేళ్ల నెందఱు చెప్పఁగలరు? పల్లెవాఁడు దూరదృష్టితోఁ గూడిన పాశ్చాత్యపద్ధతి చిత్రమును మొట్టమొదటఁ జూచినది అట్టి తెరలమీఁదనే. మూఁడవ శతాబ్దపు శిల్పి పేరు నిలిచి, మూఁడుతరముల క్రిందటి చిత్రకారుని పేరు మాసిపోవుట విపరీతము గాదా?

ఈ వైపరీత్యమునకుఁ గారణము ప్రాచీనత గాదు, వ్యవస్థ. ప్రాచీనశిల్పమునకుఁ బురావస్తుశాఖ యేర్పడినది, మ్యూజియ మేర్పడినది, పట్టికలు వెలువడినవి. శివరామమూర్తిగారు అమరావతీశిల్పములను గూర్చి 1942లో మదరాసు మ్యూజియము పక్షమునఁ బ్రకటించిన గ్రంథము అట్టి వ్యవస్థకు ఫలము. ఉద్యోగము, భాండాగారము, ముద్రణము మూఁడును గూడినచోటఁ జరిత్రకారుఁడు పుట్టును. ఆధునికచిత్రకళకు నీ మూఁడును మనదేశమున నాలస్యముగా లభించినవి.

శాస్త్రస్వరూపము

విమర్శకుఁడు చిత్రమును జూచి గుణదోషములను జెప్పును. చరిత్రకారుఁడు చిత్రమును జూచి, యిది యెవ్వరిది, యెప్పటిది, యే పద్ధతిది, ఎవ్వరికొఱకు వ్రాయఁబడినది, ఎచ్చటెచ్చటఁ బ్రదర్శింపఁబడినది యని యడుగును. ఒకఁడు రుచిని నమ్మును, రెండవవాఁడు సాక్ష్యమును వెదకును. రుచి లేని సాక్ష్యము నిర్జీవము, సాక్ష్యము లేని రుచి నిరాధారము. కాఁబట్టి మంచి చరిత్రకారున కీ రెండును వలయును.

ఉదాహరణము. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 'భారతి' మాసపత్రికను స్థాపించిరి. అందు రంగుచిత్రములు ముద్రితమగుచుండెను. ఒక చిత్తరువున కింద తేదీ లేకపోయినను, అది భారతిలోఁ గనఁబడెనేని ముద్రణమాసమునకు ముందే వ్రాయఁబడినదని తేలును. గ్రంథముల కాలనిర్ణయమున ఉద్ధరణములకు మన పండితు లెట్టి ప్రామాణ్యము నిత్తురో, చిత్రముల కాలనిర్ణయమున ముద్రితప్రతికృతులకు నట్టి ప్రామాణ్యమే కలదు.

రంగు వేసిన తీరు సయితము సాక్ష్యమే. నీటిరంగులను బలుమాఱు కడిగి, పొగమంచువంటి మృదుత్వమును దెచ్చు పద్ధతి యొకటి కలదు. 1903 ప్రాంతమున జపానునుండి కలకత్తాకు వచ్చిన యొకొయామా తాయికాన్, హిషిదా షున్సో అను చిత్రకారుల చెలిమివలన అవనీంద్రనాథ ఠాకూరు దానిని సమకూర్చుకొనెను. ఆ పద్ధతి యొక తెలుఁగువాని చిత్రమునఁ గనఁబడెనేని, గురుపరంపర యెచ్చటికిఁ బోవునో యూహింపవచ్చును. 1910లో బందరున వెలసిన ఆంధ్రజాతీయకళాశాలలో వంగదేశీయుఁడగు ప్రమోదకుమార చట్టోపాధ్యాయుఁడు 1920 దశాబ్దమునఁ జిత్రకళను బోధించెను. అడివి బాపిరాజుగారు ఆయనయొద్ద నేర్చి, 1935 నుండి 1939 వఱకు నా కళాశాలకే అధ్యక్షులైరి. ఇది కలకత్తానుండి బందరునకు వచ్చిన పాయ.

రెండవ పాయ బొంబాయినుండి రాజమహేంద్రవరమునకు వచ్చినది. అచ్చటి ప్రభుత్వకళాశాలాధ్యక్షుఁడైన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయముగాఁ జిత్రకారుఁడు. ఆయన బాలుఁడగు దామెర్ల రామారావు ప్రజ్ఞను గుర్తించి, 1916లో బొంబాయి జె.జె. చిత్రకళాశాలకుఁ బంపుటకు దోడ్పడెను. 1897లోఁ బుట్టిన రామారావుగారు అచ్చటి శరీరరచనాభ్యాసమును, మన దేశపు రేఖాలాలిత్యమును మేళవించి 'సిద్ధార్థ రాగోదయము' వంటి చిత్రములను వ్రాసిరి. 1923లో రాజమహేంద్రవరమునఁ జిత్రకళాశాలను నెలకొల్పిరి. 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచికముచే నిరువదెనిమిదవ యేఁటఁ గాలధర్మము నొందిరి. వరదా వెంకటరత్నముగారు మొదలగువారు ఆ సంప్రదాయమును నిలిపిరి. ఆయన పేర వెలసిన చిత్రశాల రాజమహేంద్రవరమున నేఁటికిని గలదు.

ఈ రెండు పాయల భేదమును, కలయికను నిరూపించుట చరిత్రకారుని పని. బందరుచిత్రము బాగున్నదా, రాజమహేంద్రవరపుఁ జిత్రము బాగున్నదా యను వాదము దానికిఁ దరువాతిది.

పీఠములు

ఈ విద్యకు భారతదేశమున విశ్వవిద్యాలయపీఠ మెట్లు గలిగెనో చూతము. 1921లో కలకత్తావిశ్వవిద్యాలయము వాగీశ్వరీపీఠమును స్థాపించి అవనీంద్రనాథునిఁ దొలి యాచార్యునిగా నియమించెను. ఆయన చేసిన యుపన్యాసములు తరువాత వంగభాషలో గ్రంథరూపము నొందినవి. చిత్రకారుఁడే తన కళను గూర్చి విశ్వవిద్యాలయమున మాతృభాషయందుఁ బ్రసంగించుట స్మరింపఁదగిన విషయము.

ఆ కాలముననే స్టెల్లా క్రామ్రిష్ అను విదుషి మనదేశమునకు వచ్చెను. ఈమె 1896లో మొరావియాయందుఁ బుట్టి, వియన్నాలో స్త్రజిగోవ్‌స్కీ యొద్దఁ గళాచరిత్రము నభ్యసించి డాక్టరుపట్టమును బడసెను. రవీంద్రుని యాహ్వానమున శాంతినికేతనమునకు వచ్చి, గోథికు కాలమునుండి తన కాలము వఱకుఁ బాశ్చాత్యకళ యేవిధముగా మాఱెనో యుపన్యసించెను. 1922 డిసెంబరులో జర్మనీయందలి బౌహౌస్ చిత్రకారుల కృతులు కలకత్తాలోఁ బ్రదర్శింపఁబడినప్పుడు పరిచయవ్యాసము వ్రాసినదియు నీమెయే. తరువాత విష్ణుధర్మోత్తరమందలి చిత్రసూత్రము నాంగ్లీకరించెను. హిందూదేవాలయమును గూర్చి బృహద్గ్రంథమును 1946లోఁ బ్రకటించెను. కలకత్తావిశ్వవిద్యాలయమున 1950 వఱకు బోధించి, పిమ్మట అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకుఁ బోయి, 1993లో దివంగతురాలయ్యెను. ప్రాచీనమును నవీనమును ఒక్క దృష్టితోఁ జూడఁగల శిక్షణ మెట్టి ఫలమిచ్చునో యీమె జీవితము చెప్పుచున్నది.

స్వాతంత్ర్యానంతరము బడోదాలో మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయము 1949లో నేర్పడి, మఱుసటియేఁట లలితకళాశాఖను దెఱచెను. అచ్చటఁ జిత్రము వ్రాయ నేర్చు విద్యార్థియుఁ గళాచరిత్రమును జదువవలయును. చరిత్రము చదువువాఁడును గుంచె పట్టువారి నడుమనే యుండును. రతన్ పరిమూ అచ్చటి యాచార్యుఁడై, అవనీంద్ర గగనేంద్ర రవీంద్రులను మువ్వురు ఠాకూరుల చిత్రములను గూర్చి వ్రాసిన గ్రంథము 1973లో వెలువడెను. ఆ గ్రంథము తన విషయము కాలక్రమనిర్ణయమును, తులనాత్మకపరిశీలనమును అని యుపశీర్షికయందే చాటుచున్నది. కవుల కాలనిర్ణయమునకై పాటుపడిన మన పరిషత్పండితుల కీ మాట మిక్కిలి పరిచితము. పాతపద్ధతియే, పరీక్షింపఁబడు వస్తువు మాత్రము క్రొత్తది.

ఇట్టి విద్యాప్రస్థానమున మెట్లు స్పష్టముగా నున్నవి. మొదట దృష్టిశిక్షణము: మూలచిత్రములను బలుమాఱు చూచుట. రెండవది భాషాశిక్షణము: చిత్రకారుల లేఖలు, పత్రికలు, ప్రదర్శనపట్టికలు చదువుట. మూఁడవది యొక చిత్రకారునిఁ గాని యొక సంప్రదాయమును గాని కైకొని, లభించిన చిత్రముల నన్నిటిని పట్టికయందుఁ జేర్చి, సిద్ధాంతవ్యాసము వ్రాయుట. నాలుగవది బోధన. అయిదవది ప్రదర్శనల నమర్చుట, ఏలయనఁగా విడివిడిగా నున్న చిత్రములు ఒక్క గోడమీఁదఁ జేరినప్పుడే కొన్ని సంబంధములు కంటఁబడును.

ఆంధ్రదేశమున

మనదేశమున నీ మెట్లన్నియు నొకచోట లేకపోయెను. అందుచే నీ పనిని జేసినవారు ఇతరవృత్తులలోనుండి చేసిరి. ఐర్లండు కవియగు జేమ్స్ కజిన్సు 1915లో మనదేశమునకు వచ్చి మదనపల్లెకళాశాలయందు బోధకుఁడుగను అధ్యక్షుఁడుగను నుండి, వంగచిత్రకారులను దక్షిణదేశమునకుఁ బరిచయము చేసెను. తిరువాన్కూరున 1935లోఁ దెఱవఁబడిన శ్రీచిత్రాలయమును నెలకొల్పుటయందును ఆయన చేయి గలదు. వృత్తి సాహిత్యబోధన, ప్రవృత్తి కళాప్రచారము.

పి.ఆర్. రామచంద్రరావుగారు 1953లో మదరాసునుండి ఆధునికభారతచిత్రకళను గూర్చి యాంగ్లమున నొక గ్రంథమును, 1956లో నాగార్జునకొండశిల్పమును గూర్చి వేఱొక గ్రంథమును బ్రకటించిరి. ఇక్ష్వాకులనాఁటి శిల్పమును, తమనాఁటి చిత్రమును ఒక్క చేతితో వ్రాసిన యీ తెలుఁగువారి యుదాహరణము, ప్రాచీననవీనముల నడుమ గోడ యక్కఱలేదనుటకుఁ జాలును.

సంజీవదేవ్‌గారి మార్గము వేఱు. వీరు 1914 జులై 3వ తేదీన జన్మించిరి. వీరి బాల్యము మన నందిగామప్రాంతమందలి కోనాయపాలెమున మేనమామగారి యింటఁ గొంత గడచినది. యౌవనమున హిమాలయప్రాంతములయందు సంచరించి, కులూలోయలో రష్యాచిత్రకారుఁడగు నికొలస్ రోరిక్ కుటుంబముతోఁ బరిచయము సంపాదించిరి. పిమ్మట గుంటూరుమండలపు తుమ్మపూడి యను పల్లెలో స్థిరపడి, 1999 ఆగస్టు 25వ తేదీన మృతినొందువఱకు నచ్చటనే యుండిరి. వీ రే విశ్వవిద్యాలయమునను ఆచార్యపదవి నధిష్ఠింపలేదు. అయినను చిత్రకళను గూర్చి తెలుఁగునను ఆంగ్లమునను వ్రాసిరి. తామును జిత్రములు వ్రాసిరి. దేశమందలి చిత్రకారులతోను పండితులతోను నెడతెగని యుత్తరప్రత్యుత్తరములు జరపిరి. ఆంధ్రవిశ్వకళాపరిషత్తు వీరిని గౌరవపట్టముతో సత్కరించినది.

వీరిని చరిత్రకారుఁడనవచ్చునా? పట్టికలు, కాలనిర్ణయములు వీరి పద్ధతి గాదు. వీరు చిత్రకారుల నెఱిఁగి వ్రాసిరి. బడోదావారు చిత్రముల నెఱిఁగి వ్రాసిరి. చెలిమి యున్నచోఁ బక్షపాతమునకుఁ జోటు గలదనుట నిజము. అయినను చిత్రకారుఁడు స్నేహితునికి వ్రాసిన లేఖలోఁ జెప్పుకొన్న మాట, పట్టికలో నెన్నఁడును దొరకదు. కావున వీరి స్మృతులను, లేఖలను ఇప్పుడు మనము చరిత్రముగాఁ గాక, చరిత్రమున కాధారముగాఁ జదువవలయును. శాసనము వ్రాయించినవాఁడు చరిత్రకారుఁడు గాఁడు. కాని శాసనము లేనిచోఁ జరిత్రకారున కేమి మిగులును?

నేఁ డీ విద్యకు మనయొద్దఁ బీఠములు లేకపోలేదు. 1940లో హైదరాబాదున స్థాపింపఁబడిన కళాపాఠశాల క్రమముగాఁ బెరిగి విశ్వవిద్యాలయాంతర్భూతమైనది. హైదరాబాదు కేంద్రవిశ్వవిద్యాలయమున సరోజినీనాయుడు పేర లలితకళాశాఖ గలదు. మెదకుసీమయందుఁ బుట్టి బడోదాలో శిక్షితుఁడైన కె. లక్ష్మాగౌడుగా రచ్చట బోధించిరి. తెలుఁగువిశ్వవిద్యాలయమునను ఆంధ్రవిశ్వకళాపరిషత్తునను జిత్రశిల్పములు బోధ్యవిషయములు. అయినను ఆధునికభారతచిత్రకళను గూర్చిన గ్రంథములను విప్పిచూచినచోఁ గలకత్తా, బొంబాయి, మదరాసు, బడోదాల కథయే ప్రధానముగాఁ గానవచ్చును. రామారావుగారి పేరు గలచో నొక పేరామాత్రము. చిత్తూరుసీమయందు 1925లోఁ బుట్టి, శాంతినికేతనమునఁ జదివి, పారిసునందు హేటరు కర్మశాలలో బహువర్ణముద్రణమున నూతనపద్ధతిని సాధించి, న్యూయార్కున బోధించి 2018లో దివంగతులైన కృష్ణారెడ్డిగారిని లోక మెఱుఁగును. కాని ఆయన కృషిని వివరించు తెలుఁగుపాఠ మెన్ని పాఠశాలలయందుఁ గలదు?

పరిభాష

తెలుఁగున వ్రాయఁబూనువానికి మొదట నడ్డుపడునది పరిభాష. మనకు ప్రాచీనపరిభాష కొఱఁత లేదు. కామసూత్రవ్యాఖ్యయగు జయమంగళలో రూపభేదము మొదలు వర్ణికాభంగము వఱకుఁ జిత్రమునకు షడంగములు చెప్పఁబడినవి. అవనీంద్రనాథుఁడు వానిని నవీనకాలమున వ్యాఖ్యానించెను. కాని సాదృశ్యమును వదలిపెట్టి, రేఖావర్ణములను మాత్రమే నిలుపుకొన్న నేఁటి చిత్రమునకు నీ యాఱును జాలునా?

కొన్ని చాలును. వర్ణికాభంగ మనఁగా రంగుల కలయికయు విభజనమును గావున, వస్తురూపము లేని చిత్రమునకును అన్వయించును. ప్రమాణము కొలఁదిని జెప్పును గావున నదియు నిలుచును. సాదృశ్యము మాత్రము నిలువదు; దానిచోట వేఱు మాట వలయును. 'నైరూప్యము', 'అమూర్తము' అని రెండు పేళ్లు వాడుకలో నున్నవి. రూప మున్నదే కాని వస్తుసాదృశ్యము లేనిచోట నైరూప్యమనుట సరిగాదు. ముక్కోణమును రూపమే గదా. ఇట్టి సూక్ష్మములను దీర్చుట చిత్రకారునివలనఁ గాదు, చరిత్రకారునివలన మాత్రముననుఁ గాదు. శబ్దశాస్త్ర మెఱిఁగిన పండితుని సాయ మందుకు వలయును.

చేయఁదగిన పని

స్తూపము నేలలోఁ బూడియుండినచో వేయేండ్లయినను ఱాయి నిలుచును. కాగితము నిలువదు. మన గ్రంథాలయములలోఁ బాతపత్రికల సంపుటములకు బైండు కట్టించునప్పుడు అట్టలను, ప్రకటనలను, విడిగా నతికించిన రంగుచిత్రములను దీసివేయుట గలదు. చిత్రకళాచరిత్రకారునకు వలయునవి సరిగా నవియే. ఉన్నతపాఠశాలలలో డ్రాయింగుమేస్టర్లుగా నుండి కాలము గడపిన చిత్రకారుల చిత్రములు, వారి గురువుల లేఖలు, పరీక్షాపత్రములు ఇంటి యటకలమీఁదఁ జెదలపా లగుచున్నవి. ఆచార్యుఁడు వచ్చునాఁటికి ఆధారములు మిగులకున్న నాచార్యపీఠము నిరర్థకము.

ఇందుకు పండితులు చేయఁదగినది దుష్కరము గాదు. తమ యూర నున్న పాతచిత్తరువు నెవ్వరు వ్రాసిరో పెద్దల నడిగి వ్రాసికొనుట, దానిమీఁది సంతకమును దేదీని యున్నదున్నట్లు నకలు తీయుట, దాని కొలఁతను, అది కాగితమో గుడ్డయో, నీటిరంగో నూనెరంగో గుర్తించుట, అది యెవరి యింటినుండి యెవరి యింటికి వచ్చెనో తెలిసికొనుట. తాళపత్రప్రతికి మాతృకను, లేఖకుని, గద్యను ఎట్లు గుర్తింతుమో అట్లే. ఈ నాలుగు పంక్తులు వ్రాసియుంచినచోఁ, దరువాత వచ్చు పరిశోధకుఁడు నాలుగేండ్ల శ్రమను దప్పించుకొనును.

ఆవేసని సిద్ధార్థుఁడు తన పేరు తానే ఱాతిమీఁదఁ జెక్కించుకొనెను. అతని తరువాతి చిత్రకారులకు ఆ యవకాశము లేదు. వారి పేరు నిలుపవలసిన పని యితరులది. ఆ పని విద్యాపీఠమునఁ గూర్చుండినవాఁడు చేసిన మేలు. పల్లెటూరి పండితుఁడు మొదలుపెట్టిన మఱియు మేలు. విజ్ఞులు విచారింతురుగాక.